అప్‌డేట్: హెచ్‌డీ బాక్స్ పెట్టినా బొమ్మ మసకగానే ఉందన్న సమస్య తీరింది

పోయిన వారం అడిగాను కదా, డీటీహెచ్‌కి హెచ్‌డీ బాక్స్ మార్పించినా బొమ్మ పాతలాగే ఉంది, డిష్ కూడా మార్చాలా అని. అక్కర్లేదు. డిష్, దాని ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ పాతవే ఉన్నాయి.

అసలు తప్పు టీవీ వెనకాల ఉంది. బిగించడానికొచ్చిన అబ్బాయి పాత పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరే గుచ్చి వెళ్లాడు. ఆ పసుపు పిన్నులో హెచ్‌డీ రానే రాదు, మహా అయితే 576 గీతల బొమ్మే. మీలో ఒకరు చెప్పినట్టు హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి, బాక్స్ సెట్టింగ్స్‌లో 1080ఐ అనే హెచ్‌డీ రిజల్యూషన్ ఎంచుకున్నాను. అయినా తేడా లేదు! చూస్తే అమ్మ అలవాటుగా పాత ఛానల్ నంబరే నొక్కుతోంది. హెచ్‌డీ ఛానల్‌కి నంబర్ వేరు, ప్యాక్‌లో కూడా విడిగా తీసుకోవాలి. తీసుకున్నాం, కొంచెం ఖర్చు పెరిగింది.

వాన పడితే సిగ్నల్ పోవడం మాత్రం వేరే సంగతి. మేడెక్కి చూస్తే ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ పచ్చగా చిలుము పట్టి ఉంది. కొత్తది వేసి, పైన టేపు గట్టిగా చుట్టాను. నిన్న జల్లు పడింది, బొమ్మ ఆగలేదు.

రాత్రి సీరియల్లో చీర అంచు మీది జరీ పోగులు కూడా కనిపిస్తున్నాయని అమ్మ టీవీకి దగ్గరగా జరిగి మరీ చూసింది. ఓపిగ్గా చెప్పిన అందరికీ థ్యాంక్సండీ.