ఇంట్లో నాస్‌ని డెస్క్‌టాప్‌కి సొంత డిస్కులా కలపడం ఎలా? ఐస్కజీ వాడినవాళ్ళు చెప్పండి

అనంతపూర్_ఎడిటర్:

అందరికీ నమస్తే. మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో, పెళ్ళి ఫోటోలు వీడియోలు ఎడిట్ చేస్తాను. విండోస్ 11 డెస్క్‌టాప్‌లో 1 టీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే, అది ఎప్పుడూ నిండిపోయే ఉంటుంది కాబట్టి 4 టీబీ డిస్కులు రెండు వేసిన నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టె) కొని హాల్లో రౌటర్ పక్కన పెట్టాను. మ్యాప్ చేసిన డ్రైవ్‌గా బాగానే నడుస్తోంది కానీ నేను వాడే ఫోటో సాఫ్ట్‌వేర్ తన క్యాటలాగ్‌ని (ఫోటోల వివరాలు దాచుకునే ఫైలుని) నెట్‌వర్క్ డ్రైవ్ మీద పెట్టనివ్వడం లేదు, లోకల్ డిస్కే కావాలంటోంది. నాస్‌లో ఐస్కజీ (iSCSI, నెట్‌వర్క్ మీదుగా డిస్కుని సొంత డిస్కులా ఇచ్చే పద్ధతి) అనే ఆప్షన్ చూసి ఒక టార్గెట్ (కంప్యూటర్ వచ్చి కనెక్ట్ అయ్యే చోటు), 2 టీబీకి ఒక లన్ (LUN, డిస్కులా ఇచ్చే స్థలం) చేశాను. డెస్క్‌టాప్‌లో ఏ డిస్కూ రాలేదు.

ఇంకో రెండు డౌట్లు. మా తమ్ముడు తన ల్యాప్‌టాప్‌లో అవే ఫోటోలు చూసి ఆల్బమ్‌కి ఏరుతాడు, వాడు కూడా అదే లన్‌కి కనెక్ట్ అవ్వొచ్చా? కాపీ స్పీడు సెకనుకు 11 ఎంబీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది, పోయినవారం 380 జీబీ ఫుటేజ్ ఎక్కడానికి రాత్రంతా పట్టింది. ఇలాగైతే ఐస్కజీ పెట్టి లాభం ఉంటుందా?

స్టోరేజ్_పని:

అన్నా, నాస్ వైపు సగం పని అయింది, విండోస్ వైపు సగం మిగిలింది. స్టార్ట్‌లో ఐస్కజీ ఇనిషియేటర్ అని వెతుకు, విస్టా నుంచి అది విండోస్‌లోనే ఉంటుంది, ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. సర్వీస్ స్టార్ట్ చేయాలా అని అడిగితే అవునను. డిస్కవరీ ట్యాబ్‌లో డిస్కవర్ పోర్టల్ నొక్కి నాస్ ఐపీ అడ్రస్ ఇవ్వు, పోర్టు 3260 అలాగే ఉంచు. తర్వాత టార్గెట్స్ ట్యాబ్‌లో నీ టార్గెట్ కనిపిస్తుంది, కనెక్ట్ నొక్కేటప్పుడు ఫేవరెట్ టార్గెట్స్‌లో చేర్చమనే టిక్ ఉంచు, అది ఉంటేనే రీస్టార్ట్ అయ్యాక దానంతట అదే కలుస్తుంది. టార్గెట్ కనిపించకపోయినా కనెక్ట్ అవ్వకపోయినా నాస్‌లో పర్మిషన్ చూడు. కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ఐక్యూఎన్.1991-05.కామ్.మైక్రోసాఫ్ట్ అని మొదలయ్యే పొడుగు పేరు ఉంటుంది, అది నీ డెస్క్‌టాప్ పేరు, చాలా నాస్‌లలో ఆ పేరుని అనుమతించిన లిస్టులో వేయాలి.

కనెక్టెడ్ అని వచ్చినా దిస్ పీసీలో డ్రైవ్ కనిపించదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు, కొత్త డిస్కు ఆఫ్‌లైన్ అనో నాట్ ఇనిషియలైజ్డ్ అనో ఉంటుంది. ఆన్‌లైన్ చేసి, పార్టిషన్ పద్ధతి అడిగితే జీపీటీ ఎంచుకో (ఎంబీఆర్ అయితే 2 టీబీ దగ్గరే ఆగిపోతుంది, రేపు లన్ పెంచుకోలేవు), ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చెయ్యి. ఆ తర్వాత మీ సాఫ్ట్‌వేర్‌కి అది మామూలు డిస్కే.

నాస్ ఐపీని రౌటర్‌లో ఫిక్స్ చెయ్యి. చ్యాప్ (CHAP) పాస్‌వర్డ్, అంటే టార్గెట్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు అడిగేది, పెట్టుకో, విండోస్ 12 నుంచి 16 అక్షరాలు అడుగుతుంది. 3260ని బయటి ఇంటర్నెట్‌కి మాత్రం తెరవొద్దు.

కాపీ స్పీడు 11 ఎంబీ అంటే లైన్ 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు, 8 బిట్లు ఒక బైట్) నడుస్తోందని, గిగాబిట్ అయితే 110 దాకా వస్తుంది. నాస్‌ని అనుమానించే ముందు కేబుల్ చూడు.

వేళచ్చేరి_నాన్న:

తమ్ముడి సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను, దయచేసి ఆ పని చేయకండి. నేను చెన్నైలో ఉంటాను, రెండేళ్ళ కిందట ఇదే పొరపాటు చేశాను. డెస్క్‌టాప్‌కి, మా ఆవిడ ల్యాప్‌టాప్‌కి ఒకే లన్ కలిపాను, తను చూడటానికే కదా అనుకున్నాను. నేను వేసిన ఫైళ్ళు తనకు కనబడేవి కావు, డిస్‌కనెక్ట్ చేసి మళ్ళీ కలిపితేనే వచ్చేవి. అప్పుడే ఆగిపోవాల్సింది. నాలుగో రోజు డిస్కు చెక్ చేయమని మెసేజ్ వచ్చింది, చెక్ అయ్యాక మా పాప మొదటి పుట్టినరోజు ఫోల్డర్ తెరిస్తే ఫైళ్ళ పేర్లున్నాయి, ఏ ఒక్క ఫోటో తెరుచుకోలేదు. కొన్ని మా అత్తగారి ఫోన్‌లో ఉండబట్టి దొరికాయి.

ఎందుకంటే షేర్ ఫోల్డర్‌లో ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసే లెక్కని, నాస్ చూసుకుంటుంది, ఎంతమంది అడిగినా అదే సర్దుతుంది. లన్‌లో నాస్ ఖాళీ స్థలం ఇచ్చి ఊరుకుంటుంది, లెక్కంతా కంప్యూటర్‌దే. ఒకే ఊరి అడంగల్‌కి ఇద్దరు కరణాలు చెరో నకలు ఇంట్లో పెట్టుకుని రాసుకున్నట్టు, ఇద్దరూ ఖాళీగా ఉందనుకుని ఒకే సర్వే నంబరుని వేర్వేరు పేర్లకి రాసేస్తారు. విండోస్ అయితే చూడటానికి తెరిచినా లోపల ఏదో ఒకటి రాస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 రెండూ ఒక్క మెషీన్ కోసమే, పంచుకోవాలంటే ఓసీఎఫ్‌ఎస్2, జీఎఫ్‌ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ కావాలి, ఇంటికి అంత అవసరం లేదు. క్యాటలాగ్ లన్‌లో పెట్టండి, తమ్ముడు చూడాల్సినవి మామూలు షేర్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి.

కడప_లినక్స్:

ఒక్కమాట. ఐస్కజీలో లాన్ కేబులే డిస్కు కేబుల్. కరెంటు పోయి డెస్క్‌టాప్ యూపీఎస్ మీద నడుస్తూ రౌటర్ ఆగిపోయినా, రాస్తున్న డిస్కుని లాగేసినట్టే. నాస్‌నీ రౌటర్‌నీ కూడా యూపీఎస్ మీద పెట్టు, ఆపేటప్పుడు ముందు డెస్క్‌టాప్, తర్వాతే నాస్. వైఫై మీద అసలు ప్రయత్నించకు. నాస్ వైపు నుంచి లన్ లోపలి ఫోటోలు విడివిడిగా కనిపించవు, కాబట్టి ఫైళ్ళ బ్యాకప్ డెస్క్‌టాప్ నుంచే వేరే డిస్కుకి తీసుకో.

అనంతపూర్_ఎడిటర్:

అందరికీ చాలా థ్యాంక్స్. ముందు కేబుల్ చూశాను. ఇల్లు కట్టినప్పుడు గోడలోంచి లాగిన వైరు, రూమ్‌లో సాకెట్ ప్లేట్ విప్పితే నీలం వైరు కొస తెగి రాగి బయటికి వచ్చి ఉంది, మిగతా ఏడూ బాగున్నాయి. 100కి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు కాబట్టి ఇన్నాళ్ళూ నెట్ వస్తూనే ఉంది, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలట. ఎస్‌పీ రోడ్‌లో కొత్త జాక్ తెచ్చి ఎనిమిదీ మళ్ళీ నొక్కాను, ఇప్పుడు 112 వస్తోంది. లన్ కూడా స్టోరేజ్_పని గారు చెప్పినట్టే కలిసింది, క్యాటలాగ్ అందులోకి మార్చాను.

వేళచ్చేరి అన్నా, మీ పోస్టు చదివి వెంటనే తమ్ముడి ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. ఫేవరెట్ టార్గెట్స్‌లో మా లన్ అప్పటికే ఉంది, ఆదివారం వాడే ప్రయత్నించాడట. అది తీసేసి, నాస్ లిస్టులోంచి కూడా వాడి ఐక్యూఎన్ తొలగించాను.