బీజీ-3 పత్తి విత్తనం వేయమంటున్నారు, ఏం చేయాలి?

మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. ఐదెకరాల నల్లరేగడి, పత్తే ఆధారం. పోయినేడు గులాబీ రంగు పురుగు ముంచేసింది. కాయ పైకి బాగానే ఉంది, విప్పితే గింజ తొలిచేసి దూదంతా పసుపు మరకలు. 2006లో పురుగును చంపే జన్యువు పెట్టిన బీజీ-2 పత్తి విత్తనం వచ్చినప్పుడు ఈ పురుగూ చస్తుందన్నారు, ఇప్పుడు పురుగు దాన్ని తట్టుకుంటోంది.

ఈసారి ఒకాయన బీజీ-3 అని లేబుల్ లేని విత్తనాల సంచి తెచ్చాడు. గడ్డి మందు కొట్టినా పత్తి మొక్క చావదట. కలుపు తీసే కూలీలు దొరక్క నాన్న అటే మొగ్గుతున్నారు. దానికి ప్రభుత్వ అనుమతి లేదు, బిల్లూ ఇవ్వడు. మొలవకపోతే ఎవరిని అడగాలి? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

తక్కువ కాలపు రకం దగ్గర దగ్గరగా వేసి డిసెంబరుకల్లా తీసేసినవాళ్లు ఉన్నారా? గిట్టిందా? లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను లాగి పట్టేవి) ఊరంతా కాకుండా మా ఒక్క చేనులో పెడితే పనిచేస్తాయా? దయచేసి చెప్పండి.