పొట్ట మీది కదలికను నమ్మి లివర్‌కు రేడియేషన్ ఇవ్వొచ్చా?

నేను రేడియోథెరపీలో మెడికల్ ఫిజిసిస్ట్‌ని. పేషెంట్ చర్మం కదలికను గమనించే సర్ఫేస్ గైడెన్స్ కెమెరాలను ఇన్నాళ్లూ రొమ్ము క్యాన్సర్ కేసులకే వాడాం. ఇప్పుడు లివర్ ఎస్‌బీఆర్‌టీకి (కొద్ది విడతల్లోనే ఎక్కువ డోసు గురిపెట్టి ఇచ్చే రేడియేషన్‌కి), ఊపిరి వదిలి బిగబట్టే పద్ధతిలో, వాడమంటున్నారు.

టెన్షన్ ఎక్కడంటే, కెమెరా చూసేది చర్మాన్నే. మామూలు శ్వాసకే లివర్ తల-కాళ్ల దిశలో సెంటీమీటరు పైగా కదలొచ్చు. పొట్ట చర్మం పైకీ కిందికీ లేస్తుంది, అదీ తక్కువే. ఒక పేషెంట్‌కి స్క్రీన్ మీద చర్మం కదలికను చూపే గీత గేటింగ్ హద్దు (దాటితే బీమ్ ఆపే హద్దు) దాటలేదు, కానీ అప్పుడే ఊపిరి బిగబట్టించి తీసిన కోన్ బీమ్ సీటీలో (చికిత్స మెషీన్ మీదే తీసే స్కాన్) డయాఫ్రం (లివర్ పైన ఉండే శ్వాస కండరం) ప్లానింగ్ స్కాన్‌ కన్నా సుమారు అర సెంటీమీటరు పైన ఉంది. గ్యాస్ వల్లా, నడుం బిగించడం వల్లా? తెలియడం లేదు. డాక్టర్లేమో ట్యూమర్ చుట్టూ వదిలే మార్జిన్ పెంచొద్దంటారు, పక్కనే డుయోడినం (చిన్న పేగు మొదటి భాగం) ఉంది మరి.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: కెమెరా గమనించే ట్రాకింగ్ ప్రాంతాన్ని ఛాతీ ఎముక చివర దగ్గర చిన్నగా గీస్తారా, బొడ్డు దాకా తీసుకుంటారా? పొట్ట పెద్దగా ఉంటే కింది భాగం కెమెరాకి సరిగా అందడం లేదు. లివర్‌లో గుర్తుగా బంగారు మార్కర్లు పెట్టని వాళ్లకి బీమ్ మధ్యలో డయాఫ్రంను ఎక్స్‌రేతో మళ్లీ సరిచూస్తారా? పొట్టను నొక్కి ఉంచే కంప్రెషన్ బెల్ట్ కడితే చర్మమే కనిపించదు కాబట్టి ఆ సలహా మాత్రం వద్దు.