పాత బకాయిలన్నీ వసూలు చేస్తే కొత్త పన్నులు అవసరమే ఉండదు కదా?

కొత్త మెంబర్: ఎప్పుడు చూసినా ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవంటారు, ఇంకోపక్క రావాల్సిన పన్నులు, ఫైన్లు, అప్పులు కొండలా పేరుకుపోయాయంటారు. అవన్నీ ముక్కుపిండి వసూలు చేస్తే పోలా? దుబారా తగ్గించడం కన్నా ఇదే ఈజీ అనిపిస్తోంది, తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ గుమాస్తా: అంత ఈజీ కాదు బాబూ. బకాయిల సెక్షన్లో చాలా ఏళ్లు చేశా నేను, రిజిస్టర్ తీస్తే పేజీలకి పేజీలు "కోర్టులో ఉంది", "కంపెనీ మూతబడింది", "ఈ అడ్రసులో లేరు" ఇవే, అసలు కన్నా వడ్డీ, పెనాల్టీ ఎక్కువైపోయి టోటల్ మాత్రం ప్రతి ఏడూ పెరుగుతూనే ఉంటుంది. పోనీ రాని బాకీ కొట్టేద్దామంటే సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు, రేపు ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలిగా. తాజా బకాయి అయితే వేరు, మొదటి కొన్ని నెలల్లో వెంటపడితే వస్తుంది.

నైట్ షిఫ్ట్: వెంటపడటంలో కూడా పద్ధతి ఉండాలండి. బ్రిటన్‌లో పన్ను నోటీసులో "చాలామంది టైముకి కట్టేశారు, కట్టని కొద్దిమందిలో మీరొకరు" అని ఒక్క ముక్క చేరిస్తేనే కట్టేవాళ్లు పెరిగారు. అదే ఆస్ట్రేలియాలో రోబోడెట్ చూడండి, కంప్యూటర్‌తో బాకీలు లెక్కగట్టిన ప్రభుత్వ స్కీము అది, పని లేని వారాల్లో కూడా సంపాదించినట్టు ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాలకి సగటు కట్టి, ప్రభుత్వ సాయం తీసుకున్న పేదోళ్లకి లేని బాకీలు అంటగట్టారు. చివరికి అది చట్టవిరుద్ధమని తేలి, 2020లో 4,70,000 బాకీల తాలూకు 72.1 కోట్ల డాలర్లు వెనక్కిస్తామని ప్రభుత్వమే చెప్పాల్సొచ్చింది.

ఫైలు పురుగు: దుబారా అంటే జనం ఆఫీసర్ల కార్లూ ఏసీలే చూస్తారు, అసలు తమాషా అంతా ఆర్థిక సంవత్సరం ఆఖరి వారంలో. మిగిలిన బడ్జెట్ వాడకపోతే ల్యాప్స్ అయిపోద్ది, పైగా వచ్చే ఏడు కోత, అందుకని ఏది కనపడితే అది కొనేస్తారు. మా ఆఫీసులో అలా కొన్న ప్రింటర్లు రెండేళ్లు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, తీరా తెరిస్తే వాటి కార్ట్రిడ్జ్ ఎక్కడా దొరకలా 😀 అమెరికా ఫెడరల్ కొనుగోళ్ల మీద ఒక స్టడీ ఉంది, ఆఖరి వారం ఖర్చు మిగతా వారాల సగటుకి దాదాపు 5 రెట్లంట, అప్పుడు మొదలెట్టిన ఐటీ ప్రాజెక్టుల క్వాలిటీ కూడా దెబ్బతిందంట. మిగిలింది వచ్చే ఏడాదికి దాచుకోనిచ్చిన డిపార్ట్‌మెంట్‌లో మాత్రం క్వాలిటీలో ఆ తేడా కనపడలేదు.

కొత్త మెంబర్: మరి బకాయిల్లో వచ్చేదెంత, రానిదెంత అని ఎక్కడైనా విడిగా చూపిస్తారా?

రిటైర్డ్ గుమాస్తా: కొన్నిచోట్ల బడ్జెట్ కాగితాల్లో వివాదంలో ఉన్నవి, లేనివి వేరువేరు కాలమ్స్‌లో ఉంటాయి. ముందు ఆ రెండోది చూడు, ఆ పక్కనే ఎన్నేళ్ల పాతవో కూడా వేస్తారు.