నాలుగు జబ్బులున్న మనిషి కోసం పీహెచ్‌డీ: నర్సులు, డాక్టర్లు డ్యూటీ వదిలి పోవాలా?

వార్డు సిస్టర్ (చర్చ మొదలుపెట్టినవారు)

నేను నల్లగొండ జిల్లాలో ఒక సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సుని. పదకొండేళ్ళ సర్వీసు, ఎమ్మెస్సీ నర్సింగ్ చేశాను. పోయిన నెల స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పనిచేసే నా క్లాస్‌మేట్ ఫోన్‌లో ఒక ముచ్చట చెప్పింది. అక్కడ గ్లాస్గో, ఎడిన్‌బరా, డండీ, అబర్డీన్, సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలు కలిసి, వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే వెల్‌కమ్ ట్రస్ట్ సాయంతో ఒక పీహెచ్‌డీ కార్యక్రమం పెట్టాయట. సబ్జెక్టు ఒక్కటే: ఒకే మనిషికి రెండు, అంతకంటే ఎక్కువ దీర్ఘకాలిక జబ్బులు ఉండడం. డాక్టర్లకే కాదు, నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపీ వాళ్ళకు కూడా తలుపు తెరిచే ఉందట.

అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. మా ఎన్‌సీడీ క్లినిక్ (బీపీ, షుగర్ లాంటి అంటని జబ్బుల క్లినిక్) రోజున వచ్చేవాళ్ళలో ఒక్క జబ్బుతో వచ్చేవాళ్ళు ఎందరు? ఒక పెద్దమ్మ వస్తుంది. బీపీ గోలీ మా దగ్గరిది, షుగర్ గోలీ టౌన్‌లో ప్రైవేటు డాక్టర్ రాసింది, మోకాళ్ళ నొప్పికి ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చింది, వాటన్నిటితో కడుపు మంటొస్తుందని ఇంకొక గోలీ. అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో. ఆ కవర్ మొత్తం ఒకసారి చూసిన డాక్టర్ ఒక్కరూ లేరు. గోలీలు రాసినవాళ్ళు మాత్రం నలుగురున్నారు.

ఇలాంటి పీహెచ్‌డీ ఫెలోషిప్పులు మన జిల్లాలకు కావాలా? వస్తే నాలాంటివాళ్ళు వార్డు వదిలి మూడేళ్ళు పోవడం న్యాయమేనా? ఇంట్లో వద్దంటున్నారు. మా హెడ్ సిస్టర్ అయితే నవ్వేసింది. మీరేమంటారు?

పీహెచ్‌సీ నైట్ డ్యూటీ

సిస్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, వద్దు.

మా పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లు ఉండాలి. ఏడాదిగా నేనొక్కడినే. ఓపీ అయ్యాక మీటింగ్, మీటింగ్ అయ్యాక రిపోర్టు, మధ్యలో పాము కాటు కేసు. ఇప్పుడు నేను ఫెలోషిప్ తెచ్చుకుని పోతే ఆ కుర్చీ మూడేళ్ళు ఖాళీ. నా థీసిస్‌లో "గ్రామీణ ప్రాంతాల్లో డాక్టర్ల కొరత" అని ఒక అధ్యాయం రాస్తాను, ఆ కొరత నేనే అయి ఉంటాను.

ఇంకొక మాట. బీపీ, షుగర్, కిడ్నీ మూడూ ఉన్న మనిషికి ఏం చేయాలో నాకు తెలుసు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడాలి, కాళ్ళు చూడాలి, కళ్ళు చూడాలి, గోలీలు తగ్గించగలిగినవి తగ్గించాలి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2016లోనే దీని మీద కూడా ఇచ్చింది, చదివాను. దానికి ఒక్కో పేషెంటుతో ఇరవై నిమిషాలు కూర్చోవాలి. నాకు దొరికేది రెండు నిమిషాలు. ఈ తేడా పీహెచ్‌డీతో పూడదు, పోస్టింగులతో పూడుతుంది.

పాలమూరు బస్టాండ్

డాక్టర్ సాబ్ బాధ అర్థమైంది. కానీ "ఏం చేయాలో నాకు తెలుసు" అన్నారు చూడండి, అక్కడ ఒక ప్రశ్న.

మా నాయనది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా. కొడంగల్, నారాయణపేట పక్క నుంచి మా జనం పుణెకు, ముంబైకి మేస్త్రీ వెంట కూలి పనికి పోతారని అందరికీ తెలిసిందే. మా నాయనకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఊళ్ళో ఉన్నప్పుడు ఆశా అక్క నెలనెలా గోలీల కిట్టు ఇస్తుంది. దసరా దాటాక పుణె పోతాడు. అక్కడ కార్డు చెల్లదు, భాష రాదు, ఆరు నెలలు గోలీ లేదు. ఉగాదికి తిరిగొచ్చి మళ్ళీ మొదలుపెడతాడు. ఇట్లా ఏడేళ్ళు. ఆరు నెలలు వేసి ఆరు నెలలు మానేసే మనిషికి ఏ గోలీ ఇవ్వాలి, ఎంత డోసు ఇవ్వాలి? ఏ పుస్తకంలో ఉంది సార్ ఇది?

పీహెచ్‌సీ నైట్ డ్యూటీ

పుస్తకంలో లేదు. నిజమే. కానీ జవాబు మూడు నెలల గోలీలు ఒకేసారి ఇచ్చి పంపడం. దానికి స్టాకు కావాలి.

మర్రిగూడ మట్టి

నేను డాక్టర్ని కాదు, రిటైరైన టీచర్ని. మీ మాటలన్నీ చదివాను. నా వయసు వాళ్ళు ఇక్కడ పరిశోధన అనే మాట వింటే ఏమనుకుంటారో చెప్పాలని రాస్తున్నాను.

మా మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం పక్క బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని లోకమంతా తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడి గ్రానైట్ రాళ్ళ మధ్య నుంచి వచ్చే నీళ్ళకు ఆ లెక్క తెలియదు. పిల్లల పళ్ళు పచ్చబడ్డాయి, పెద్దల వెన్నులు కర్రలయ్యాయి, నడుములు వంగిపోయాయి. 1970లలో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేశారు. దానికి మా జిల్లా పేరే పెట్టారు, "నల్లగొండ టెక్నిక్" అని. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. మా జిల్లా పేరు ప్రపంచం తిరిగొచ్చింది, మా ఊళ్ళో మాత్రం జనం అవే బోరు నీళ్ళు తాగుతూ పోయారు. చివరికి మేలు చేసింది నల్లా నీళ్ళే, కృష్ణా నీళ్ళు ఇంటి దాకా రావడం.

ఎన్నిసార్లు వచ్చి ఎక్స్‌రేలు తీశారో, మూత్రం సీసాల్లో పట్టుకెళ్ళారో లెక్క లేదు. మా అన్నను ముగ్గురు వేర్వేరు బృందాల వాళ్ళు ఫోటో తీశారు. ఒక్కరూ మళ్ళీ వచ్చి "ఇదీ నీ రిపోర్టు" అని చెప్పలేదు. కాబట్టి సిస్టరమ్మా, నువ్వు పీహెచ్‌డీ చేస్తే సంతోషమే, కానీ మళ్ళీ మా మూత్రం సీసాల్లో పట్టుకుని పోతావా?

వార్డు సిస్టర్

సార్, మీరు అడిగింది గుచ్చుకుంది. జవాబు వెంటనే రాయలేను.

మెడికల్ షాపు మేడ మీద

నేను ఫార్మసిస్టుని, మిర్యాలగూడ పక్క. సిస్టర్ చెప్పిన కవరు నాకు రోజూ కనబడుతుంది, డాక్టర్ల కంటే నాకే ఎక్కువ కనబడుతుంది. ఎందుకంటే డాక్టర్ దగ్గరికి మూడు నెలలకోసారి పోతారు, నా దగ్గరికి వారం వారం వస్తారు.

ఒక ఉదాహరణ చెబుతాను, ఓపిగ్గా చదవండి. ఒకాయనకు బీపీకి ఆమ్లోడిపిన్ ఇచ్చారు. దానివల్ల కొందరికి మడమల దగ్గర వాపు వస్తుంది. వాపు చూసి ఇంకొకరు మూత్రం గోలీ రాశారు. ఆ తర్వాత టౌన్‌లో బీపీ గోలీ మార్చారు. టెల్మిసార్టాన్‌కు చివర హెచ్ అని ఉండేది ఇచ్చారు. ఆ హెచ్ కూడా మూత్రం మందే, అంటే ఇప్పుడు మూత్రం మందులు రెండయ్యాయి. నడుం నొప్పికి ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ రోజూ రెండు పూటలా. మూత్రం మందు, టెల్మిసార్టాన్ రకం మందు, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీ, ఈ మూడూ కలిస్తే కిడ్నీకి దెబ్బ అని మాకు డిప్లొమాలోనే చెప్పారు. పైగా నొప్పి గోలీ బీపీని పెంచుతుంది. బీపీ పెరిగిందని ఇంకో గోలీ. ఎండాకాలం, వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దీనికి మర్రిగూడ బోరు నీళ్ళు కలపండి. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ బయటికి పోయే ముఖ్యమైన దారి కిడ్నీలే. కిడ్నీ మందగిస్తే ఫ్లోరైడ్ ఇంకా నిలుస్తుంది. నిలిస్తే కీళ్ళు, నడుము నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగితే మళ్ళీ డైక్లోఫెనాక్, మళ్ళీ కిడ్నీకి. షుగర్ అదుపులో లేనివాడు నీళ్ళు కూడా ఎక్కువే తాగుతాడు, అవి బోరు నీళ్ళయితే? ఈ చక్రం గ్లాస్గోలో లేదు. అక్కడ పీహెచ్‌డీ చేసినవాళ్ళెవరూ దీన్ని మనకు తేల్చి చెప్పరు. డాక్టర్ సాబ్ "తెలుసు" అన్నారు. నాకైతే తెలియదు. ఎవరైనా తేల్చాలి, ఆ తేల్చేవాడు కౌంటర్ వెనక నిలబడ్డవాడైతే ఇంకా మంచిది.

పీహెచ్‌సీ నైట్ డ్యూటీ

మేడ మీద అన్నా, మీరు రాసింది బాగుంది, కాదనను. కానీ అంత తెలిసిన మీరు ఆ డైక్లోఫెనాక్ చీటీ లేకుండా అమ్మడం మానేస్తే సగం చక్రం ఆగుతుంది కదా.

మెడికల్ షాపు మేడ మీద

నేను మానేస్తే పక్క షాపులో కొంటారు సార్. అయినా మీ మాట నాకు తగిలింది, ఒప్పుకుంటున్నా.

థేమ్స్ ఒడ్డు నల్లగొండోడు

లండన్‌లో ఎపిడెమియాలజీలో, అంటే జనంలో జబ్బుల లెక్కలు చూసే శాస్త్రంలో పనిచేస్తున్నా, సొంతూరు సూర్యాపేట పక్క. స్కాట్లండ్‌కే ఎందుకు ఇంత ఆసక్తి అని ఎవరూ అడగలేదు కాబట్టి చెబుతా. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. స్కాట్లండ్‌లో 314 క్లినిక్కుల నుంచి దాదాపు 17.5 లక్షల మంది రికార్డులు చూశారు. నూటికి 23 మందికి రెండు, అంతకంటే ఎక్కువ జబ్బులు. ఇది ముసలివాళ్ళ సంగతి అనుకుంటాం కానీ, అలాంటివాళ్ళలో 65 ఏళ్ళ లోపు వాళ్ళే సంఖ్యలో ఎక్కువ. బాగా పేద ప్రాంతాల్లో ఈ పరిస్థితి సంపన్న ప్రాంతాలకంటే 10 నుంచి 15 ఏళ్ళు ముందే వస్తోంది. పేదలకు ఒంటి జబ్బులతో పాటు మనసు జబ్బు కూడా కలిసి రావడం ఎక్కువ. ఇవన్నీ ఆ ఒక్క పేపర్లో తేలినవే.

అది వాళ్ళకు ఎలా వీలైంది? అక్కడ ప్రతి మనిషి ఒక క్లినిక్కులో నమోదై ఉంటాడు. చరిత్రంతా ఒకచోట. మనకు అది లేదు. కాబట్టి ముందు రికార్డు, తర్వాత పీహెచ్‌డీ.

పాలమూరు బస్టాండ్

అన్నా, మన దేశంలో లెక్కలు అసలే లేవన్నట్టు మాట్లాడుతున్నారు. పెద్ద వయసువాళ్ళ ఆరోగ్యం మీద దేశమంతా చేసిన లాసీ సర్వే ఉంది కదా, 2017–18లో మొదటి విడత, 45 దాటిన 72 వేల పైచిలుకు మందితో.

థేమ్స్ ఒడ్డు నల్లగొండోడు

ఉంది, మంచి సర్వే. కానీ అందులో చాలా జబ్బులకు "మీకు ఈ జబ్బు ఉందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా" అనే అడుగుతారు. ఎన్నడూ పరీక్ష చేయించుకోనివాడు ఆ లెక్కలో ఆరోగ్యవంతుడే. మీ నాయన లాంటివాళ్ళు పుణెలో ఉన్న ఆరు నెలలు అందులో ఎక్కడా కనబడరు. నా మాటకు నేనే ఎదురు చెప్పుకుంటున్నట్టుంది, సరే.

చింతపల్లి చెల్లె

పైసల మాట ఎవరూ ఎత్తలేదు. మన దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000. సర్వీసులో ఉన్న నర్సు జీతం దానికంటే ఎక్కువే. ఇంటి లోను, పిల్లల ఫీజు ఎవరు కడతారు? అక్కడ ఫెలోషిప్ అంటే జీతం ఇచ్చి చదివిస్తారు. ఇక్కడ ఫెలోషిప్ అంటే జీతం కోసి చదివిస్తారు. ఇది మారకుండా నర్సులెవరూ పోరు, పోయేది పెళ్ళికాని ఎంబీబీఎస్ అబ్బాయిలే.

మర్రిగూడ మట్టి

చెల్లె మాట నూటికి నూరుపాళ్ళు.

ఓపీ చీటీ

నేను మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెబుతాను. రెండు విషయాలు కలిపితే దారి ఉందనిపిస్తోంది.

యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది. పనిచేసే చోట నుంచి నో అబ్జెక్షన్ తెచ్చుకోవాలి, ఆరేళ్ళ దాకా గడువు, ఆడవాళ్ళకు ఇంకో రెండేళ్ళ వెసులుబాటు. అంటే కుర్చీ ఖాళీ చేయకుండా చదవొచ్చు, కనీసం కాగితం మీద. రెండోది, వేల్స్‌లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అని ఒక డాక్టర్ ఉండేవాడు. బొగ్గు గనుల ఊళ్ళో మామూలు జీపీ, అంటే అన్ని జబ్బులూ చూసే ఊరి డాక్టర్. తన ఊళ్ళో ప్రతి మనిషి బీపీ కొలిచి, నమోదు చేసి, ఆ ఊరు వదలకుండానే పరిశోధన చేశాడు. అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువ దొరుకుతుందని 1971లో రాసింది ఆయనే. గ్లైన్‌కోరుగ్ అనే ఆ ఊరి పేరు పలకడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

అయితే ఇందులో మెలిక దాచను. పార్ట్‌టైమ్ అంటే మన దగ్గర ఆదివారాలు, రాత్రులు అని అర్థం. మా డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. వారంలో రెండు రోజులు డ్యూటీ చార్టులోనే రీసెర్చ్ రోజులని రాసి, ఆ రెండు రోజులకు బదులు మనిషిని పెట్టడానికి ఫెలోషిప్ డబ్బే ఇవ్వాలి. అలా అయితే నేను ఔను అంటాను, లేదంటే డాక్టర్ సాబ్ పక్షమే.

పీహెచ్‌సీ నైట్ డ్యూటీ

బదులు మనిషిని ఇస్తే నేను కూడా దరఖాస్తు పెడతా. నవ్వకండి.

వార్డు సిస్టర్

మర్రిగూడ సార్‌కు జవాబు బాకీ ఉన్నాను. సార్, సీసాలు పట్టుకెళ్ళను అని మాట ఇవ్వలేను, కిడ్నీ చూడాలంటే మూత్రం కావాలి. కానీ ఎవరి సీసా వాళ్ళ రిపోర్టు వాళ్ళ చేతికే తెలుగులో ఇవ్వడం నా చేతిలో ఉన్న పని. అది చేయలేకపోతే మొదలే పెట్టను.

దరఖాస్తు సంగతి ఇంకా తేల్చుకోలేదు. చెల్లె చెప్పిన లోను మా ఇంట్లోనూ ఉంది. ఈలోగా వచ్చే గురువారం క్లినిక్‌కు వచ్చేవాళ్ళందరినీ ఇంట్లో ఉన్న గోలీలన్నీ కవరుతో సహా తెమ్మని ఆశాలతో చెప్పించాను. ఎవరి కవర్లో ఎన్ని రకాలున్నాయి, ఎందరు రాశారు అని ఒక నోటుబుక్కులో రాస్తాను. దీనికి ఫెలోషిప్ అక్కర్లేదు కదా.

మెడికల్ షాపు మేడ మీద

అక్కా, కవర్లు చూపించరు, ఆర్‌ఎంపీ గోలీలు తీసేసి తెస్తారు. "డాక్టరమ్మ తిడుతుంది" అని. ముందే తిట్టనని చెప్పించండి. స్ట్రిప్పు కత్తిరించి పేరు లేని ముక్క తెస్తారు చూడండి, వాటి ఫోటోలు నాకు పంపితే రంగు, గీత చూసి చాలా వరకు చెప్పగలను.

వార్డు సిస్టర్

పంపుతా అన్నా. తిట్టనని చెప్పించడం మరిచాను, ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.