మా నల్లోడికి అంగం దగ్గర రక్తం చుక్కలు: విన్‌క్రిస్టిన్ వేయించొచ్చా?

ప్రశ్న (తెనాలి నుంచి):
మా నల్లోడు ఊరకుక్కే. నాలుగేళ్లు, 18 కిలోలు. మూడు వారాలుగా పడుకున్న చోటల్లా రక్తం చుక్కలు. మొదట చూపించిన చోట మూత్రంలో ఇన్ఫెక్షన్ అని పది రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. నిన్న వేరే డాక్టరుగారు అంగం మీది తోలు వెనక్కి లాగి చూపించారు. అంగం మొదలు దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా ఎర్రటి కండ, ముట్టుకుంటే రక్తం. టీవీటీలా (కుక్కలకి వచ్చే అంటు కణితి) ఉంది, వారానికో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వేయాలన్నారు. క్యాన్సర్ మందు అనగానే మా అమ్మ రాత్రి అన్నం తినలేదు. కోసి తీసేస్తే పోదా? ఇంట్లో చంటిపిల్ల ఉంది, మనకి అంటుతుందా?

జవాబు:
ముందు అమ్మగారికి చెప్పండి, ఇది మనుషులకి రాదు. కుక్క నుంచి కుక్కకే, జతకట్టినప్పుడో నాకినప్పుడో. కణితి కణాలే ఊడి అవతలి కుక్కకి అతుక్కుని పెరుగుతాయి. మా కుక్క బంటికీ ఇదే వచ్చింది. కోస్తే అడుగున మిగిలింది మళ్లీ పెరిగే ప్రమాదం ఉంది, ఇంజెక్షనే నయమన్నారు.

మొదలెట్టే ముందు ఆ కండ నుంచి స్లైడు (గాజుపలక మీద కణాలు పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) తీయించి నిర్ధారణ చేయించండి. మోతాదు మామూలుగా కిలోకి 0.025 మిల్లీగ్రాములు, అంటే మీవాడికి అర మిల్లీగ్రాముకి కాస్త తక్కువ. లెక్క మాత్రం డాక్టరుగారిదే.

అసలు జాగ్రత్త నరం దగ్గర. ఆ మందు కొంచెం బయటికి కారినా చుట్టూ కండ కుళ్లిపోతుంది. బంటికి ముందు క్యాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టి, సెలైన్ సాఫీగా వెళ్తోందని చూశాకే మందు ఎక్కించేవారు. వాడి తల నా ఒళ్లో పెట్టుకుని కదలనిచ్చేదాన్ని కాదు. ప్రతిసారీ ముందు రక్తపరీక్ష తప్పదు. మూడోసారి తెల్లకణాలు 3,200కి పడిపోతే వారం ఆపారు. ఆ వారం వాడు పెరుగన్నం కూడా ముట్టలేదు, రెండుసార్లు కక్కాడు. రెండో డోసుకే రక్తం ఆగింది, ఐదోదానికి కండ కనపడలేదు. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు మూత్రం, కక్కు గ్లవ్స్ వేసుకునే తుడవండి, చంటిపిల్లని దూరంగా ఉంచండి.

మరో జవాబు:
ముక్కు, నోరు కూడా చూపించండి, వాసన చూసినా నాకినా అక్కడా పెరుగుతుంది. తగ్గేదాకా బయటికి వదలకండి, వీధిలో ఎదకొచ్చిన ఆడకుక్కలకి అంటిస్తాడు. తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. దానితో ఈ జబ్బు పోదు గానీ, తిరుగుడు తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు:
స్లైడు వచ్చిందండి, టీవీటీనే. రక్తపరీక్ష బాగుంది, శుక్రవారం మొదటి ఇంజెక్షన్. క్యాన్యులా గురించి నేనే అడిగాను, సెలైన్ పెట్టే వేస్తామన్నారు. అమ్మ కూడా వస్తానంటోంది, వాడి తల తనే పట్టుకుంటుందట.