ఒక్క ద్వీపంలోనే ఉండే నీటికప్ప: అక్కడికి ఎలా చేరింది?

ప్రశ్న (ఉపాధ్యాయిని, కళింగపట్నం దగ్గర, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. ఉభయచరాల పాఠంలో భాగంగా, గ్రీసు దేశపు కార్పథోస్ ద్వీపంలో తప్ప మరెక్కడా కనిపించని ఒక నీటికప్ప ఉందనీ, దానిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ఎర్ర జాబితాలో చేర్చారనీ పిల్లలకు చెప్పాను. అప్పుడు సముద్రంలో చేపల వేటకు వెళ్ళే కుటుంబానికి చెందిన ఒక అమ్మాయి లేచి, "చెరువులో ఉన్నన్ని కప్పలు నది మొగ దగ్గర ఉప్పునీటిలో ఉండవు కదా టీచర్, మరి చుట్టూ సముద్రం ఉన్న దీవిలోకి ఆ కప్ప ఎలా వెళ్ళింది?" అని అడిగింది. తుపానుకు కొట్టుకువచ్చిన దుంగల మీద చేరి ఉంటుందని అప్పటికి చెప్పాను కానీ, ఆ జవాబు నాకే తృప్తి కలిగించలేదు. తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1 (జంతుశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం)

మేడమ్, మీ విద్యార్థిని సరైన చోట పట్టుకుంది. కప్ప చర్మం గుండా నీరు సులభంగా అటూ ఇటూ వెళుతుంది కాబట్టి, సముద్రపు నీటిలో పడిన కప్ప ఒంట్లోని నీటిని కోల్పోయి, ఉప్పును లోపలికి తీసుకుని చనిపోతుంది. ఆగ్నేయాసియా మడ అడవుల్లో ఉండే పీతలు తినే కప్ప వంటివి ఒంట్లో యూరియాను నిలవబెట్టుకుని ఉప్పును కొంతవరకు తట్టుకుంటాయి కానీ, కార్పథోస్ కప్ప అటువంటిది కాదు.

దుంగల మీద ప్రయాణం అసాధ్యమని అనను. అయితే కార్పథోస్ ఉన్న ఏజియన్ సముద్రపు (గ్రీసు, టర్కీల మధ్య ఉంది) దీవుల నీటికప్పల విషయంలో శాస్త్రజ్ఞులు ప్రధానంగా చెప్పే కారణం నేల చరిత్ర. ఈనాటి ఏజియన్ దీవుల్లో చాలావాటికి ఒకప్పుడు ఇరుగుపొరుగు భూభాగాలతో కలయిక ఉండేది; నేల కదలికల వల్ల, సముద్రమట్టం మారడం వల్ల అవి విడిపోయాయి. సుమారు 60 లక్షల ఏళ్ళ క్రితం అట్లాంటిక్ నుంచి నీరు రావడం ఆగిపోయి, ఏజియన్ కూడా భాగమైన మధ్యధరా సముద్రం చాలా భాగం ఎండిపోయింది. తిరిగి సుమారు 53 లక్షల ఏళ్ళ క్రితం నిండింది. అంటే కప్పలు సముద్రాన్ని ఈదుకుని దీవికి వెళ్ళవలసిన అవసరం లేదు, అవి ఉంటున్న నేల చుట్టూ నీరు చేరింది. అప్పటి నుంచి అవి అక్కడివాటితోనే జతకట్టి, బయటి జాతులతో సంబంధం లేకుండా తరతరాలుగా మారుతూ వచ్చాయి.

పొరుగునే ఉన్న క్రీట్ ద్వీపంలో కూడా అక్కడ మాత్రమే ఉండే మరో నీటికప్ప ఉంది. ఈ రెండింటినీ వేరు జాతులుగా గుర్తించింది 1994లోనే. చూడటానికి పొరుగు కప్పల్లాగే ఉన్నా, వాటి ప్రొటీన్లను పోల్చి చూస్తే తేడా బయటపడింది. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇంకొకటుంది: దీవులు ఎప్పుడు విడిపోయాయో భూగర్భశాస్త్రం చెబుతుంది కాబట్టి, ఆ కాలాన్ని పట్టుకుని ప్రొటీన్లలో మార్పు ఎంత వేగంతో జరుగుతుందో కొలవడానికి పరిశోధకులు ఈ కప్పలనే ఆధారం చేసుకున్నారు.

జవాబు 2 (బొబ్బిలి)

పై వివరణకు ప్రమాదం సంగతి చేర్చాలి. కార్పథోస్ విస్తీర్ణం సుమారు 300 చదరపు కిలోమీటర్లు, అంటే మన శ్రీకాకుళం జిల్లాలో పదో వంతు కూడా కాదు. అందులోనూ కప్పకు పనికివచ్చే మంచినీటి వాగులు కొద్దిచోట్ల మాత్రమే ఉన్నాయి. వేసవిలో మా చెరువు ఎండిపోతే కప్పలు మట్టిలో దాక్కుంటాయి, లేదా పక్క చెరువుకు వెళతాయి, వానలకు మళ్ళీ వస్తాయి. అక్కడ ఆ కొద్ది వాగులూ ఎండితే ఆ జాతికి పక్క చెరువంటూ లేదు.

క్రీట్ కప్పకు మరో కష్టం వచ్చింది. 1990 దశకం చివర ఆ ద్వీపంలోకి అమెరికా గోదురుకప్పను తెచ్చారు. అది నోటికి పట్టిన ప్రతి జీవినీ, చిన్న కప్పలతో సహా, మింగుతుంది. పైగా ఈ అమెరికా కప్పలు, కప్పల చర్మాన్ని దెబ్బతీసే కైట్రిడ్ శిలీంధ్రాన్ని తాము పెద్దగా జబ్బుపడకుండానే మోసుకుని తిరగగలవు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

జవాబు 3 (సొంతూరు ఇచ్ఛాపురం, ప్రస్తుతం అండమాన్)

ఈ కథ మనకు దూరమైనది కాదని చెప్పడానికే రాస్తున్నాను. మన ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. మనుషులతో పాటు మన గోదురుకప్ప కూడా ఈ దీవులకు వచ్చింది. ప్రధాన భూభాగం నుంచి తెచ్చిన చేపపిల్లలలో దాని తోకకప్పలు కలిసి వచ్చి చెరువుల్లో పడ్డాయని పరిశోధకులు గుర్తించారు. తొలకరికి పసుపు రంగు తిరిగి అరిచే ఆ కప్పను చిన్నప్పటి నుంచి ప్రేమగా చూసినవాడిని, కానీ ఇక్కడ అది పరాయిది. పెద్దవి స్థానిక చిన్న జీవులను తింటాయి, దాని తోకకప్పలు ఈ దీవుల కప్పల పిల్లలను తినేస్తాయి. మన ఊళ్ళో పాములకూ కొంగలకూ ఆహారమైన జీవే, దీవికి వచ్చేసరికి ఇంత నష్టం చేస్తోంది. కాబట్టి చేపపిల్లలను కొనేవారు చెరువులో వదిలే ముందు ఒకసారి తొట్టెలో పోసి, తోకకప్పలుంటే ఏరివేయాలని ఇక్కడ తెలిసినవారందరికీ చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారి సమాధానం

ముగ్గురికీ కృతజ్ఞతలు. దుంగల మాట సరిచేసి, రేపు తరగతిలో ఒక పళ్ళెంలో మట్టి మెట్టలు పేర్చి, నీరు పోస్తూ చూపిస్తాను. నీరు పెరిగేకొద్దీ ఒక్క మెట్టగా ఉన్నది రెండుగా విడిపోవడం పిల్లలకు కళ్ళకు కనిపిస్తుంది. అండమాన్ నుంచి రాసిన అన్నయ్య గారి మాటలు కూడా చదివి వినిపిస్తాను, ఎందుకంటే మా తరగతిలో చేపల చెరువులున్న ఇళ్ళ పిల్లలు నలుగురు ఉన్నారు.